నిమ్మతోట కెమెరాలు

"కరెంటు ఎక్కువ తక్కువై కెమెరాల డిస్కు చెడిపోయినాది పాపా. రికార్డింగులన్నీ పోయినాయి. మీ నాయనకు నువ్వే చెప్పు, నీ మాటైతే నమ్ముతాడు" అన్నాడు పెంచలయ్య చిన్నాయన, ఆ ఎస్‌ఎస్‌డీ డిస్కును శ్రీవిద్య చేతికిస్తూ.

దుత్తలూరు దగ్గరి వాళ్ల నిమ్మతోటను ఎవరో మొదళ్లకంటా నరికేశారు. అక్కడే కూలబడిన నాయనను పట్టుకుని ఏడ్చింది ఈ చిన్నాయనే. కెమెరాల షెడ్డు తాళమూ ఆయన దగ్గరే ఉంటుంది.

ఆత్మకూరులోని తన కంప్యూటర్ షాపులో, చిన్నాయన ఎదురుగా కూర్చుని ఉండగానే, శ్రీవిద్య డిస్కును కంప్యూటరుకు తగిలించింది. తెరిస్తే ఖాళీ. నల్లటి తెర మీద కమాండ్ కొట్టి ఎర్రర్ లాగ్ అడిగింది. డిస్కు దెబ్బతిని ఉంటే ఆ జాడ అందులో ఉండాలి.

'నో ఎర్రర్స్ లాగ్డ్', ఏ లోపమూ నమోదు కాలేదని వచ్చింది.

మళ్లీ కొట్టింది. ఒక్క ఎర్రరన్నా కనబడితే బాగుండునని ఆమె ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు. మళ్లీ అదే వచ్చింది.

"డిస్కు బాగానే ఉండాది చిన్నాయనా" అంది, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఎవరో కావాలనే తుడిచేసినారు."

ఎవరని ఆయన అడుగుతాడేమోనని ఎదురుచూసింది.

పెంచలయ్య లేచి షాపు తలుపు దగ్గరకు వేశాడు.

"మీ నాయనకు చెప్పబాకు పాపా."