కార్యదర్శి సంతకం

"చస్తే పెట్టను," అన్నాడు హరిబాబు.

ఆటోనగర్‌లో లారీల కమాన్‌కట్టలు బాగుచేసే షెడ్డు అతనిది. ఆదివారం గనక సుత్తి చప్పుడు లేదు. ఆ లోటు తీర్చడానికన్నట్టు పాతికమంది కబడ్డీ అభిమానులు చేరి అరుస్తున్నారు.

వాళ్ళ జట్టు కృష్ణా కెరటాలు. జిల్లాల లీగులో పదకొండు ఆటలాడి తొమ్మిది ఓడింది. కిందటి ఆట అయ్యాక మైదానంలోకి చెప్పులు పడ్డాయి. అన్నీ కెప్టెన్ బాలశౌరి కోసం విసిరినవే.

అతన్ని వదిలెయ్యమని యాజమాన్యాన్ని కోరుతూ ఓ ఉత్తరం తయారైంది. ఎవరు రాశారో తెలీదు. నాలుగు పేజీలు. కింద పేరు లేదు. బుధవారం పొద్దున ఈ షెడ్డు షట్టరు కిందే దొరికింది. చదివిన ప్రతివాడూ నా మనసులో మాటే అనుకుని సంతకం గీకాడు. ఇక మిగిలింది అభిమానుల సంఘం కార్యదర్శి సంతకం. అది లేనిదే యాజమాన్యం ఆ కాగితం ముట్టదు. ఆ కార్యదర్శి హరిబాబు.

ఆటగాళ్ళ మార్పులకు ఆ సాయంత్రం అయిదింటితో గడువు. దాటితే ఉన్నవాళ్ళతోనే రెండేళ్ళు ఈడవాలి.

"ముప్పై ఆరేళ్ళొచ్చాయయ్యా వాడికి," అన్నాడు రత్తయ్య. అతనికి పది లారీలున్నాయి, అంతకు రెట్టింపు నోరుంది. "కూతకెళ్తే మళ్ళీ గీత దాకా రాలేకపోతున్నాడు. వాణ్ణి వదిలేస్తే ఆ జాగాలో ఇద్దరు కుర్రాళ్ళొస్తారు. మూడేళ్ళు ఓడినా సరే, జట్టు మొదట్నించీ కట్టుకోవాలి."

"మూడేళ్ళు ఓడటం చూడ్డానికి నువ్వు టిక్కెట్టు కొంటావా? ఎప్పుడన్నా కొన్నావా? ఫ్రీ పాసుల మొహమూ నువ్వూనూ!" అన్నాడు హరిబాబు.

నలుగురు నవ్వారు. రత్తయ్య మొహం కందగడ్డయింది.

హర్షవర్ధన్ అనే డిగ్రీ కుర్రాడు ఉత్తరం తీసి గట్టిగా చదివాడు. "'ఎడమ మోకాలికి కట్టు, దాని కింద ఇంకో కట్టు. మెట్లెక్కాలంటే పక్కవాళ్ళ భుజం కావాలి. ఇంకొక్కసారి పడితే ఆ కాలు ఇక కాలు కాదు. ఇలాంటివాణ్ణి మైదానంలోకి తోలడం ఆటకే అవమానం.' దీనికేమంటారు అంకుల్?"

"మోకాళ్ళు తడిమి చూసేవాడు అభిమాని కాదురా, పశువుల సంతలో బేరగాడు. పేరు పెట్టుకునే దమ్ము కూడా లేదు వెధవకి. దొరికితే నా సమ్మెటతో మాట్లాడిస్తా."

"అంత ఆడలేనివాడు తనే మానెయ్యొచ్చుగా?" వెనకనుంచి ఎవరో అన్నారు.

"వాడెందుకు మానేస్తాడు?" రత్తయ్య అందుకున్నాడు. "తనంతట తాను ఒప్పందం తెంచుకుంటే అయిదేళ్ళు ఏ జట్టులోకీ రాకూడదు. పిల్లలకి కోచింగ్ కూడా ఇవ్వకూడదు. అందుకని జలగలా పట్టుకు వేలాడతాడు. మనమే పీకి పారెయ్యాలి."

జలగ అన్న మాటకి హరిబాబు గోడ వంక తిరిగాడు.

షెడ్డు గోడ మీద దుర్గమ్మ క్యాలెండరు పక్కన బాలశౌరి ఫొటో ఉంది. ఏడేళ్ళ కిందట ఇబ్రహీంపట్నంలో తీసింది. కనుబొమ చిట్లి కన్ను మూసుకుపోతే, రెండో కంటితో ఆఖరి కూతకెళ్ళి ముగ్గుర్ని కొట్టొచ్చిన రోజు. ఆ రోజు హరిబాబు అతన్ని భుజాల మీద మోశాడు. చొక్కాకంటిన నెత్తురు మరక పోతుందేమోనని ఆ చొక్కా ఇప్పటికీ ఉతకనివ్వడు.

"ఆ రోజు ఎగిరి గంతులేసిన వాళ్ళేగా మీరంతా! చెప్పులు విసిరే చేతులకి సిగ్గు లేకపోయినా, చెప్పులకన్నా ఉండాలి."

"సంతకం పెడతావా లేదా?" హరిబాబు చొక్కా పట్టుకున్నాడు రత్తయ్య. పై గుండీ తెగి ఇనప తుక్కులో పడింది. "పెట్టకపోతే రేపట్నించి నా లారీ ఒక్కటి నీ గుమ్మం తొక్కదు."

షెడ్డుకి సగం పని రత్తయ్య లారీలదే. హరిబాబు గడియారం చూశాడు. నాలుగున్నర. హర్షవర్ధన్ చేతిలోంచి ఉత్తరం లాక్కున్నాడు. పెన్ను కోసం చూస్తున్నాడనుకున్నారు అందరూ.

నిలువునా చింపాడు. మళ్ళీ అడ్డంగా చింపాడు.

తర్వాత జరిగింది మాటలు కాదు. హరిబాబు షెడ్డులోంచి బయటపడి బండి తీసేసరికి పెదవి చిట్లింది, ఒక చెప్పు లేదు. జేబులో మాత్రం ఉత్తరం ముక్కలు భద్రంగా ఉన్నాయి.

గుణదలలో బాలశౌరి ఇంటికి చేరేసరికి అయిదూ పది. బాలశౌరి ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాడు. అతని భార్య అమల లోపల్నించి మంచినీళ్ళు తెచ్చి, చిట్లిన పెదవి చూసి గాభరాపడింది.

"ఏమైందండీ అన్నయ్యగారూ?"

"ఏం కాలేదు చెల్లెమ్మా. గెలిచొచ్చా." హరిబాబు ముక్కలన్నీ తీసి బాలశౌరి చేతిలో పోశాడు. "ఎవడో పిరికి వెధవ మీ మీద విషం కక్కాడు కెప్టెన్. ఊరంతా సంతకాలు పెట్టింది. నేను పెట్టలేదు. చింపేశా. గడువు కూడా దాటిపోయింది. ఇంక రెండేళ్ళు మిమ్మల్ని కదిలించే మగాడు లేడు!"

బాలశౌరి ముక్కల్ని ఒళ్ళో పరుచుకుని, అంచుకు అంచు కలిపి చూశాడు. తర్వాత గడియారం వంక చూశాడు.

ఆనందంతో మాట రావడం లేదనుకున్నాడు హరిబాబు.

చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని అమల నెమ్మదిగా అంది.

"వారం రోజులు కూర్చుని, కొట్టేసి మళ్ళీ రాసి, ఆయనే రాసుకున్న ఉత్తరమండీ అది."