సెకన్లతో సహా

గ్రహణాలు లెక్కగట్టడం నా ఉద్యోగం. మూడు వందల ఏళ్ళ తర్వాత పట్టే గ్రహణం ఏ ఊళ్ళో ఎన్ని సెకన్లుంటుందో ఇప్పుడే చెప్పగలను. ఇంత విశ్వం ఈ బుర్రలో పట్టిందని కాస్త పొగరు కూడా ఉండేది.

చెల్లెలి మీద కోపం మాత్రం అదే బుర్రలో పదిహేనేళ్ళుగా చల్లారలేదు. సంపూర్ణ సూర్యగ్రహణం రోజున నేను మందులకని వెళ్తూ, మంచంలో ఉన్న అమ్మను దానికి అప్పగించాను. అది చీకటి చూడ్డానికి మేడెక్కింది. ఆ రెండు నిమిషాల్లో, పక్కన ఎవరూ లేకుండా అమ్మ పోయింది.

ఈ ఉదయం ఆఫీసులో పాత ఫైళ్ళు సర్దుతుంటే ఆ రోజు కాగితం ఒకటి బయటపడింది. గ్రహణం చూసిన చోటు మా మేడ. చీకటి పడిన సమయం, విడిన సమయం సెకన్లతో సహా ఉన్నాయి. చేతిరాత నాది.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాను.

"ఆ రోజు మేడెక్కింది ఎవరే?"



"నువ్వే అక్కా. మందులకి వెళ్ళింది నేను."

"మరి ఇన్నేళ్ళూ నేను తిడుతుంటే పడ్డావేం? నోట్లో నాలుక లేదా?"

"ఆ సాయంత్రమే నన్ను పట్టుకుని, 'అమ్మనొదిలి ఎందుకెళ్ళావే' అని ఏడ్చావు. అబద్ధమాడట్లేదని నీ మొహం చూస్తేనే తెలిసింది. నిజం చెప్తే నువ్వు బతకవనిపించింది."

ఫోన్ పెట్టేసి ఆ కాగితంలో లెక్క సరిచూశాను. ఒక్క సెకను కూడా తప్పు లేదు.

కళ్ళు మూసుకున్నాను. మందుల షాపు ముందు, పట్టపగటి చీకట్లో నేనే నిలబడి ఉన్నాను. చేతిలో మందు సీసా ఇంకా చల్లగా తగులుతోంది.