ఇటు పక్క, అటు పక్క

“ఆ సిలిండరు పీకి నాకు పెట్టమంటుండానే! చెవుడా నీకు?”

రాజగోపాలన్ అరుపుకు రాజపాళయంలోని ఆ చిన్న ఆసుపత్రి కోవిడ్ వార్డు అదిరింది. ఊపిరి ఆడకపోయినా నోరు భేషుగ్గా ఆడుతోంది. వేలికి తగిలించిన మిషనులో ఆక్సిజన్ అంకె దిగిపోతోంది.

సిగపట్లకు కొదవలేదు గానీ, వార్డులో మిగిలిన సిలిండరు ఒక్కటే. అది పచ్చి బాలింత కణ్మణి ముక్కుకు ఉంది.

“అది తీస్తే ఆ పిల్ల పోతాదయ్యా,” అంది డాక్టర్ వెన్నిలా. “మీరు బోర్లా పండుకోండి. ఊపిరి తేలికవుతాది.”

“బోర్లా పండేదానికి నేనేమి పసిబిడ్డనా? మా వంశంలో ఎవడూ తల దించింది లేదు. పోమ్మా!”

వెన్నిలా విసవిసా బయటికి వెళ్లింది. గేటు దగ్గరున్న అతని భార్య అళగమ్మాళ్‌తో ఏదో మాట్లాడి వచ్చింది.

కాసేపటికి రాజగోపాలన్ ఎడమ పక్కకు ఒక మంచం వచ్చింది. దాని మీద దాయాది సీనివాసన్.

“ఏయ్! బావి తగాదాలో వీడి మూంజి, ఈ పాడు మొగం, చూడనని గుళ్లో కర్పూరం ఆర్పి సత్యం చేసినాను! తీయి వీడిని!”

“నీ మూంజి చూసేదానికి టికెట్టు కొని వచ్చినానా, శవమా!” సీనివాసన్ దగ్గుతూనే తిట్టాడు.

“వార్డు మీ ఇద్దరిదే కాదు. పండుకోండి,” అంది వెన్నిలా.

రాజగోపాలన్ కసిగా కుడి పక్కకు తిరిగాడు. అక్కడ ఇంకో మంచం. కోర్టులో సీనివాసన్ తరఫున సాక్ష్యం చెప్పిన తన బావమరిది హరికృష్ణన్! ఒట్టులో వీడి మొహానికీ వాటా ఉంది.

“ఏమి బావా, సౌక్యమా?” పళ్లికిలించాడు హరికృష్ణన్.

ఇటు పక్కా పగే, అటు పక్కా పగే. పక్క మీద ఏ పక్కకూ తిరిగే దారి లేదు. వెల్లకిలా ఉంటే ఇద్దరూ ఓరకంటికి తగులుతున్నారు. రాజగోపాలన్ ధబాలున బోర్లా తిరిగి, నుదురు చేతుల మీద పెట్టుకున్నాడు. తిట్లన్నీ పరుపుకే పోతున్నాయి.

తెల్లారేసరికి అంకె పైకెక్కింది. కణ్మణి ముక్కున సిలిండరు అలాగే ఉంది.

“ఆ కొసన ఇంత చోటు పెట్టుకుని, వాళ్ల మంచాలు ఇక్కడికి ఎందుకు తోయమంటివో ఇప్పుడు తెలిసింది డాక్టరమ్మా,” అంది నర్సు సెల్వి.

అప్పుడే వార్డులో చేరిన తళవాయిపురం ఊరి పెద్దాయన, బోర్లా పడుకోనని రంకెలు వేస్తున్నాడు.

వెన్నిలా ఆయన వైపు చూసింది. “సెల్వీ, వాళ్లింటోళ్లను అడిగి రా. ఈయన ఎవరి మూంజి చూడడంట?”