నలుగురు నాలుగు మాటలు

తిరుమణి సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగి వచ్చి, వాటి నీడలోనే మొగుడికి సంగటి పెడుతూ కరియమ్మ అడిగింది.

"ఆదివారం ఈస్టరు ప్రార్థనకు పోతానప్పా."

"చచ్చినోడు లేచినాడనే అబద్ధం వినేకి నా పెండ్లాం పోయేది లేదు," అన్నాడు కదిరయ్య. "చూసినోళ్లెవరంట?"

"సమాధి కాడికి మొదట పోయింది ఆడోళ్లు. ఆ సంగతి నలుగురు రాసినారు. ఒకరి సువార్తలో ఆడ కనపడిన దేవదూత ఒకడే, ఇంకోదాంట్లో ఇద్దరు."

కదిరయ్య ముద్ద ఆపాడు. "మాటలు కలవలేదా?"

"లేదు."

"తన్నినా ఆ సాక్షులు మాట మార్చలేదా?"

"శిష్యుల్ని చంపినా మార్చలేదంట."

"అయితే కట్టుకథ కాదే ఇది! కట్టినోడు అందరికీ ఒకే మాట నేర్పిస్తాడు. ఆ కాలంలో ఆడోళ్ల సాక్ష్యం ఎవరు నమ్మేది? పెద్దమనుషుల్ని నిలబెడతాడు. నాకైతే ఒక్క దెబ్బ పడితే చాలు, అంతా కక్కేస్తా. నిజమే అయ్యుంటాది. పో ప్రార్థనకు."

కరియమ్మ మొహం విప్పారింది. "నువ్వూ వచ్చి ఈ మాట అందరి ముందర చెప్పప్పా."

"వద్దు. ఈడ సోలారు వచ్చినప్పటి నుంచీ ఏ భూమి కేసులోనైనా చూడంది చూసినానని బోనెక్కేది నేనే గదా. నేను నిజమంటే, ఇప్పుడు నమ్మేటోళ్లు కూడా మానుకుంటారు."