ఇరవై పలకలు

"ఈ ఫొటోలో ఉన్నవాళ్లలో ఒక్కరితోనైనా మాట్లాడొచ్చా?"

న్యాయనిర్ణేత మేడమ్ అలా అడిగేసరికి వేదిక మీదున్న కుర్రాడు ఉలిక్కిపడ్డాడు.

యువజన వికాస సదస్సులో ఆఖరి పోటీ అది, ఉత్తమ సేవకు బహుమతి. వెనక తెర మీద అతని ఫొటో వెలుగుతోంది. ఇరవై మంది ఆడవాళ్లు ఒళ్లో పలకలు పెట్టుకుని రెండు వరసల్లో కూర్చున్నారు. మధ్యలో అతను. "ఆర్నెల్లలో వీళ్లందరికీ చదవడం, రాయడం నేర్పాను" అని అప్పటికే కళ్లార్పకుండా బొంకేశాడు. ముందు వరసలో అక్క ఫోన్‌లో వీడియో తీస్తోంది. పనికి సెలవు పెట్టి మరీ వచ్చింది. అటుపక్క, ఇటుపక్క వాళ్లకు "మా తమ్ముడే" అని ఇప్పటికి నాలుగుసార్లు చెప్పింది.

"వాళ్లంతా పనులకి పోయుంటారు మేడమ్" అని నీళ్లు నమిలాడు.

"నేనిక్కడే ఉన్నాగా బాబూ!"

తలుపు దగ్గర టీ గ్లాసుల ట్రే పట్టుకుని ఓ పెద్దావిడ నిలబడి ఉంది. ఫొటోలో రెండో వరస చివర ఉన్నది ఆవిడే. నెల క్రితం దరఖాస్తు ఇవ్వడానికి ఈ హాలుకే వచ్చి, వెనక సందులో పలకలు పంచి, పావుగంటలో తీసుకుపోయిన ఫొటో అది. ఆ సందులోవాళ్లే ఇక్కడ టీలు అందిస్తారన్న ఆలోచన అతని బుర్రకు తట్టనే లేదు.

మేడమ్ ఆవిణ్ణి వేదిక మీదికి పిలిచింది. "ఈ అబ్బాయి మీకు తెలుసా అమ్మా?"

"భలేవారే, తెలియకపోవడమేంటి? మా మాష్టారండీ!"

హాలంతా చప్పట్లు. అక్క కళ్లు తుడుచుకుంది. అతని పని మాత్రం దొంగకు తేలు కుట్టినట్టయింది. ఎందుకు కాపాడుతోంది ఈవిడ? నలుగురిలో నాలుగు తిట్టినా బాగుండేది. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాడు. అయినా లోపల ఎక్కడో గండం గడిచిందనిపించింది. అలా అనిపించినందుకు మరింత సిగ్గేసింది.

"అయితే మీ మాష్టారు నేర్పిందంతా ఈ బోర్డు మీద రాయండి" అని మేడమ్ మార్కర్ అందించింది.

అతను గబుక్కున అడ్డొచ్చాడు. "వద్దు మేడమ్, పెద్దావిడ... ఇంతమందిలో తడబడతారు."

"నువ్వుండు బాబూ. నీ పరువు తీస్తానా?"

ట్రే కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఆవిడ బోర్డంతా నిండేలా 'అ' రాసింది. అచ్చు గుద్దినట్టుంది. చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. మార్కర్‌కు మూత పెట్టేసి, మెచ్చుకుంటారని అందరి వంకా చూసింది.

"ముత్యంలా ఉంది" అంది మేడమ్. "తర్వాతది రాయండి."

పెద్దావిడ అతని వైపు తిరిగి చనువుగా నవ్వింది.

"తర్వాతది రేపొచ్చి చెప్తానన్నావు కదా బాబూ. నెల్రోజులుగా ఇరవై మందిమీ సాయంత్రమయ్యేసరికి పలకలు తుడుచుకుని నీకోసం కూర్చుంటున్నాం... ఇవాళైనా వస్తావా?"