పడవెక్కిన ఆడది

ఆఫ్రికాలోని టాంగనీకాలో రెండేళ్లు జీతం లేకుండా పిల్లలకు పాఠాలు చెప్పడానికి నేను ఓడెక్కాలి. ఆడపిల్లను కాబట్టి తండ్రి సంతకం కావాలన్నారు. కాగితం తెచ్చి ముందు పెడితే నాయన వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"ఆడది పడవెక్కితే వలలో చేప పడదు. ఓడ మాత్రం పడవ గాదా?"

"ఓడలో ఎవురూ వల వెయ్యరు నాయనా. నువ్వు పెట్టకపోతే నీ సంతకం నేనే పెడతా. నీకది నేర్పింది నేనే గదా."

మూడు రోజులుగా నాతో మాటలు మానేసిన అమ్మ, నా పెట్టెలో ఎండుచేపలు సర్దుతూ అందుకుంది.

"మంత్రసాని కాడికి పోతా పోతా, పులికాట్ నడిమధ్యన నేను దీన్ని కన్నది నీ పడవలోనే గదయ్యా. ఆ పొద్దు పడినన్ని రొయ్యలు మళ్లా ఎప్పుడన్నా పడినాయా?"

"రొయ్యలు గాదు, పండుగప్పలు," అని గొణిగి నాయన కలం అందుకున్నాడు.