వదలని చేతులు

లారీ డ్రైవరు తలుపు తన్ని ఆపరేషన్ గదిలోకి దూసుకొచ్చాడు. బల్ల మీద, పశువుల డాక్టరు చేతుల కింద, ఇనుప కంచె చీల్చిన అతని కుక్క కడుపులోంచి రక్తం కారుతోంది. నర్సు కేకలు పెడుతూ బయటికి పరుగెత్తింది.

“నమ్మి నీ చేతుల్లో పెడితే, నా నల్లోణ్ణి కోసి చంపేస్తావురా!” అంటూ డాక్టరు చెంప పగలగొట్టాడు.

డాక్టరు తూలాడు కానీ, కుక్క మీంచి చేతులు తియ్యలేదు. రెండో దెబ్బకు పెదవి చిట్లింది. అప్పుడూ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

డ్రైవరుకు ఒళ్లు మండిపోయింది. గొంతు పట్టుకుని ఊపేశాడు. “ఎదురు తిరగవేంరా? చేతులు పడిపోయాయా?”

“తీస్తే నీ కుక్క పోతుందయ్యా!” అన్నాడు డాక్టరు ఊపిరాడక. “తెగిన రక్తనాళం నా వేళ్ల కిందుంది.”

డ్రైవరు చూపు కిందికి దిగింది. ఆ వేళ్ల పక్కనే నల్లోడి పొట్ట మెల్లగా లేచి పడుతోంది. డాక్టరు గొంతు మీద అతని పట్టు దానంతటదే సడలిపోయింది.

“ఇప్పుడు... నేనేం చెయ్యాలి సార్?”

“చేతులు కడుక్కుని తొడుగులేసుకో. నేను కుట్టేదాకా నువ్విక్కడ నొక్కిపట్టాలి.”

“నేనా? మిమ్మల్ని కొట్టిన చేతులండీ ఇవి!”

డాక్టరు పెదవి మీది రక్తాన్ని భుజానికి తుడుచుకున్నాడు.

“వాటి బలమెంతో చూశాగా. త్వరగా రా.”